ఒక చక్రకేళి అంత సేపు

మొన్న సోమవారం ఆఫీసులో నాకు ఒళ్ళు మండిపోయింది. కొత్త బోర్డు పని మొదలుపెడదామని పాత ప్రోగ్రాం తెరిచాను. అందులో ఒక జాబితా ఉంది. బోర్డుకి కరెంటు అందగానే, మిగతా ఏవీ లేవకముందే లేవాల్సిన క్లాకుల జాబితా అది. ఎన్ని పేర్లయినా పట్టేలా పెద్ద హంగు చేసి, లోపల ఒకే ఒక్క పేరు పెట్టారు. ఒక్కదాని కోసం ఇంత పందిరి ఎవడు వేశాడని పక్క సీట్ల వాళ్ళకి వినపడేలా తిట్టి, ఆ లైను ఎవరు రాశారో చూపించే మీట నొక్కాను.

నా పేరు వచ్చింది.

పేరు నాదే, టైపు చేసిన వేళ్ళూ నావే. రాయించినాయన మాత్రం నా పక్కన కూర్చుని చక్రకేళి అరటిపండు ఒలుచుకుంటున్నారు ఆ పూట. "పేరు మీదే పెట్టండి అమ్మాయిగారూ. రేపు ఎవరైనా తిట్టుకుంటే మీ వరకే వస్తుంది" అన్నారు. అలాగే వచ్చింది. తిట్టింది కూడా నేనే.

ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన పేరు ఇక్కడ కూడా రాయను, ఆ పద్ధతి ఆయనదే.

నేను హైదరాబాద్‌లో పెరిగాను. రాజమండ్రిలో ఉద్యోగం అంటే మా ఫ్రెండ్స్ నవ్వారు. చిన్న కంపెనీ, పదకొండు మందిమి. రొయ్యల చెరువుల్లో నీళ్ళని చిలికి గాలి అందించే ఏరియేటర్లు ఉంటాయి కదా, వాటిని ఎప్పుడు వేయాలో ఎప్పుడు ఆపాలో చూసుకునే కంట్రోలర్ డబ్బాలు తయారుచేస్తాం. డబ్బాలో ఒక బోర్డు. బోర్డు మీద ప్రతి చిప్‌కీ టిక్కు టిక్కుమని నడిపించే ఒక క్లాకు కావాలి. అది అందకపోతే ఎంత ఖరీదైన చిప్ అయినా రాయితో సమానం. ఆ క్లాకులని ఏది ముందు, ఏది తర్వాత అని లేపే ప్రోగ్రాం ముక్క నా పని.

ఆయన పెద్ద ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో చేసి రిటైరయి కొవ్వూరులో స్థిరపడ్డారు. మా ఓనరు బతిమాలితే వారానికి మూడు రోజులు బస్సెక్కి, గోదావరి దాటి వచ్చేవారు. పొట్టి చేతుల తెల్ల చొక్కా. చేతిలో గుడ్డ సంచి. పెన్ను, కళ్ళజోడు, ఫోను, నాలుగు చక్రకేళీలు, అన్నీ సంచిలోనే. చొక్కా జేబులో మాత్రం ఒక అగ్గిపెట్టె. ఇంకేమీ ఉండేది కాదు.

చేరిన వారానికే అడిగేశాను.

"సిగరెట్ తాగుతారా సార్?"

"అలవాటు లేదండి."

"మరి అగ్గిపెట్టె?"

"పొయ్యి వెలిగించాలి కదండీ."

"ఆఫీసులో పొయ్యి ఎక్కడుంది సార్?"

"లేదనుకోండి" అని కాసేపు ఆలోచించి, "అయినా ఉండాలి" అన్నారు.

ఇరవై నాలుగేళ్ళ నన్ను మొదటి రోజు నుంచీ 'అండి' అనే అన్నారు. టీ తెచ్చే ఆవిడనీ అండి, పాడైపోయిన ప్రింటర్ గురించి చెప్పినా "ఆయన ఇవాళ పలకట్లేదండి" అనేవారు. నాకు మొదట్లో ఎగతాళేమో అనిపించేది. కొన్నాళ్ళకి తెలిసింది, ఆయనకి వేరే భాష రాదు.

ఆయన పనిచేసే తీరు చూస్తే నాకు చిరాకు. బోర్డు మొండికేస్తే మేమంతా రీసెట్ బటన్ నొక్కుతాం. ఆయన ఎప్పుడూ నొక్కరు. వంగి గోడ దగ్గరికెళ్ళి ప్లగ్ పీకేస్తారు. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని, సంచిలోంచి ఒక చక్రకేళి తీసి నిదానంగా ఒలుస్తారు. నాలుగు వైపులా తొక్క సమానంగా దిగాలి. తింటారు. తొక్క మడిచి కాగితంలో పెడతారు. చెయ్యి తుడుచుకుంటారు. అప్పుడు లేచి ప్లగ్ పెడతారు.

"బటన్ నొక్కితే నిద్ర లేస్తుందండి. ప్లగ్ పీకి పెడితే పుడుతుంది. మనం చూడాల్సింది పుట్టుక."

"అది సరే, మధ్యలో పండెందుకు సార్?"

"కరెంటు తీసినా దాని ఒంట్లో కాస్త ప్రాణం దాగి ఉంటుందండి. అది పూర్తిగా పోవాలి. చేతులు ఖాళీగా ఉంటే మీలాంటి వాళ్ళు ఆగలేరు, పెట్టేస్తారు."

నేను ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి కొలిచాను. దాదాపు రెండు నిమిషాలు, ఎప్పుడు చూసినా అంతే. ఆయనకి చూపించాను. "మీ ఫోనుకి పండు తినడం వస్తే బాగుండేదండి" అన్నారు.

ఫోన్ మీద ఆయనకి కోపం లేదు. నేను తల వంచుకుని స్క్రోల్ చేస్తుంటే పక్కకొచ్చి, "ఏమంటోందండీ?" అని అడిగేవారు, లోపల ఎవరో మనిషి ఉన్నట్టు. ఏమీ అనట్లేదని చెప్పడానికి సిగ్గేసి పక్కన పెట్టేసేదాన్ని.

ఒకసారి ఆయన్ని, బతికున్నట్టు ధ్రువీకరణ ఇవ్వడానికి ఒక ఆఫీసుకి నా స్కూటీ మీద తీసుకెళ్ళాను. పెన్షన్ తీసుకునేవాళ్ళు ఏటా వెళ్ళి మిషన్ మీద వేలు పెట్టాలి. అది ఆయన మూడో ప్రయత్నం. కౌంటర్‌లో అతను తల ఎత్తకుండానే, "సర్వర్ ఇంకా లేవలేదండి, కాసేపాగి రండి" అన్నాడు.

నేను ఊరుకోలేదు. "మూడోసారండీ ఈయన రావడం. మనిషి ఎదురుగా నిలబడితే బతికున్నాడో లేదో మీకు తెలీట్లేదా?" అని గొంతు పెంచాను. లైన్లో ఉన్న ముసలివాళ్ళంతా నావైపు తిరిగారు. ఆయన నా మోచేయి పట్టుకుని బెంచీ దగ్గరికి తీసుకొచ్చారు.

"ఆయన లేదు అనలేదండి. ఇంకా లేవలేదు అన్నారు. ఆ రెండూ ఒకటి కాదు."

"ఏంటి సార్ తేడా? పని అవ్వలేదు కదా."

"లేదంటే ఇంటికెళ్ళిపోవాలి. ఇంకా లేవలేదంటే పండు తినాలి" అని సంచిలో చెయ్యి పెట్టారు. ఆ పూటే పనైపోయింది. వచ్చేటప్పుడు కౌంటర్ అతనికి ఒక చక్రకేళి ఇచ్చి వచ్చారు. నాకది కూడా నచ్చలేదు.

మా పనిలోనూ అదే తేడా ఉంది. ఒక్కో చిప్‌ని నడిపే ప్రోగ్రాం ముక్కని డ్రైవర్ అంటాం. ఒక డ్రైవర్ లేవడానికి ఇంకొకటి అవసరమై, ఆ ఇంకొకటి ఇంకా రాకపోతే, అది తప్పు అని చెప్పి చచ్చిపోకూడదు. 'తర్వాత పిలువు' అని జవాబివ్వాలి. సిస్టమ్ దాన్ని పక్కన కూర్చోబెట్టి, అందరినీ ఒక చుట్టు లేపి, మళ్ళీ వచ్చి పిలుస్తుంది. ఇది నాకు పుస్తకంలో తెలుసు. బెంచీ మీద కూర్చున్నప్పుడు మాత్రం తెలియలేదు.

ఇక ఆ లైను సంగతి.

మొగల్తూరు దగ్గర ఒక రైతు చెరువు గట్టు మీద మా డబ్బా ఉంది. పెద్దాయన. కరెంటు పోయి వచ్చినప్పుడు డబ్బా లేవడానికి చాలాసేపు పడుతోందన్నాడు. త్వరగా లేచేలా కొత్త ప్రోగ్రాం రాసి ఇక్కణ్ణుంచే నెట్‌లో పంపించాను. నాకు చాలా గర్వంగా ఉండింది. మూడు వారాలకి ఫోనొచ్చింది.

"అమ్మా, మీ డబ్బా చచ్చిందమ్మా. మీ కుర్రాడు వచ్చి ఏదో చేసి లేపి వెళ్ళాడు. ఇవాళ మళ్ళీ చచ్చింది."

"డబ్బా చావదండీ. మీ జనరేటర్ కరెంటే సరిగ్గా ఉండి ఉండదు."

"జనరేటర్ పదేళ్ళ నుంచీ ఉందమ్మా. తేడా వచ్చింది నువ్వు ఆ కొత్తదేదో పంపినప్పటి నుంచి."

"నేను వంద సార్లు పరీక్ష చేసి పంపానండీ. మీకు తెలియని విషయం గురించి మాట్లాడకండి" అని అరిచేశాను. అవతల ఏరియేటర్ల చప్పుడు.

"నాకు తెలీదులే అమ్మా. తెలిసిందొకటి చెప్తాను. రొయ్యల పట్టుబడికి ఇంకా తొమ్మిది రోజులుంది. సరుకు పెద్దదయ్యింది, ఒక్క పొద్దు గాలి ఆగితే చెరువంతా తేలిపోతుంది. డబ్బాని నమ్మలేను. చేత్తో స్విచ్చి వేసుకుంటూ గట్టు మీదే కూర్చున్నాను నాలుగు రోజుల్నుంచి. ఇంక నీ ఇష్టం."

ఫోన్ పెట్టేశాడు. వెనక్కి తిరిగితే ఆయన నిలబడి ఉన్నారు. అంతా విన్నారు.

"వంద సార్లూ ఎలా చేశారండీ పరీక్ష?"

"రీసెట్ నొక్కి."

"ప్లగ్ ఎన్నిసార్లు పీకారు?"

"పీకితే టైం వేస్టు సార్. రెండూ ఒకటే కదా."

ఆయన వంగి, అదే ప్రోగ్రాం ఉన్న నా టేబుల్ మీది బోర్డు ప్లగ్ పీకారు. చక్రకేళి ఒలిచారు. నా జీవితంలో అంత పొడుగు పండు ఇంకోటి లేదు. తొక్క మడిచారు. చెయ్యి తుడుచుకున్నారు. ప్లగ్ పెట్టారు.

బోర్డు లేవలేదు. స్క్రీన్ మీద ఒక్క అక్షరం రాలేదు.

"రైతుగారి చెరువు మన టేబుల్ మీదకి వచ్చిందండి. ఇంక భయం లేదు" అన్నారు సంతోషంగా.

నాకు ఏడుపొచ్చింది. ఆయన కుర్చీ నా వైపు తిప్పుకుని, జేబులోంచి అగ్గిపెట్టె తీసి కీబోర్డు మీద పెట్టారు.

"మా నాన్నగారు పెళ్ళి వంటలు చేసేవారండి, కోనసీమలో. వంట పందిట్లో మొదటి నిప్పు వంటవాడిదే అవ్వాలి, పెళ్ళివారిని అడిగి తీసుకుంటే నామోషీ. అదొక పట్టింపు మా ఇంట్లో. ఒకసారి గోదావరి మధ్య లంకలో పెళ్ళి. గిన్నెలు, గరిటెలు, మేము, అందరం మొదటి పంటు మీద ఏరు దాటి దిగాం. సామాను మూటలు రెండో పంటుకి వస్తున్నాయి. అగ్గిపెట్టె ఆ మూటలో ఉంది."

"అప్పుడేం చేశారు సార్?"

"కూర్చున్నాం. కట్టెలున్నాయి, నీళ్ళున్నాయి, పదిమంది మనుషులున్నారు. పొయ్యి ముందు పెళ్ళివారు నిలబడి చూస్తుంటే మా నాన్నగారు కట్టెలు సర్దిందే సర్దారు, గంటసేపు. ఆ దెబ్బతో మర్నాటి పెళ్ళికి ఏం చేశారో తెలుసాండీ? ఏదీ మర్చిపోకూడదని అన్నీ జేబులోనే పెట్టుకున్నారు. అగ్గిపెట్టె, యాలకుల పొట్లం, పసుపు, రెండు నిమ్మకాయలు. పంటు దిగేటప్పుడు తోపులాటలో నిమ్మకాయ చితికింది."

"అగ్గిపెట్టె తడిసిందా?"

"ముద్దయిపోయింది. ఆ రోజు కూడా కూర్చున్నాం."

నవ్వాను. నవ్వుతూనే స్క్రీన్ వైపు చూసి ఆగిపోయాను. త్వరగా లేవాలని నేను చేసింది అదే. బోర్డు మీద క్లాకులు పద్నాలుగు. ఎందుకైనా మంచిదని పద్నాలుగింటినీ మొట్టమొదట లేపే జాబితాలోకి ఎక్కించేశాను. అన్నీ జేబులోనే.

అందులో ఒకటి పక్కనున్న వేరే చిప్ మీద ఆధారపడింది. ఆ చిప్‌ని సిద్ధం చేసే డ్రైవర్ ఎప్పుడో తర్వాత లేస్తుంది. మొట్టమొదటి దశలో 'తర్వాత పిలువు' అనే వీలే లేదు, అక్కడ ఒక్కసారే పిలుస్తారు. నేను తెలివిగా, 'పది మిల్లీసెకన్లు చూడు, అప్పటికీ చిప్ సిద్ధంగా లేకపోతే వదిలేసి ముందుకెళ్ళు' అని కూడా రాశాను. పది మిల్లీసెకన్లు గడిచాయో లేదో చెప్పాల్సింది టైమరు. ఆ టైమరు తన క్లాకు కోసం అదే జాబితాలో చివర నిలబడి ఉంది. కాలం నడవడం మొదలుపెట్టక ముందే కాసేపు ఆగమన్నాను. అది ఆగిపోయింది.

బటన్ నొక్కితే పక్క చిప్‌కి కరెంటు పోదు, పాత పాఠం గుర్తుంటుంది, వెంటనే సిద్ధమంటుంది. అందుకే నా వంద పరీక్షలూ పాసయ్యాయి. చెరువు దగ్గర జనరేటర్ వేయడం కాస్త ఆలస్యమైతే ఆ చిప్ అన్నీ మర్చిపోతుంది. తప్పు జనరేటర్‌ది కాదు.

"ఇప్పుడు ఒక్కొక్కటీ చదవండి అమ్మాయిగారూ. ఇది లేకపోతే ముందు ఎవరు ఆగిపోతారో చెప్పండి."

చదివాను. తెరకి వెళ్ళే క్లాకు. "తెర కాసేపు నల్లగా ఉంటే ఎవరికీ ఏమీ కాదండి, తర్వాత రమ్మనండి." మెమరీ కార్డుది. "తర్వాత." నెట్‌ది. "అది లేకపోతే మీకు కష్టం, బోర్డుకి కాదు. తర్వాత." అలా పదమూడు వెళ్ళిపోయాయి. టైమరు క్లాకు దగ్గర ఆగాను.

"ఇది లేకపోతే 'తర్వాత' అనే మాటే ఉండదు సార్" అన్నాను.

ఆయన అగ్గిపెట్టె తీసి జేబులో పెట్టుకున్నారు. "అదొక్కటీ ఉంచండి."

మర్నాడు ప్లగ్ పీకి ఇరవై సార్లు చూశాం. చక్రకేళీలు చాలక మా ఓనరు బజారుకి మనిషిని పంపించాడు. ఆ మర్నాడు నేనూ ఆయనా రైలెక్కి, నిడదవోలు మీదుగా నరసాపురం వెళ్ళి, అక్కణ్ణుంచి బస్సులో మొగల్తూరు చేరాం. మన కుర్రాణ్ణి పంపించెయ్యొచ్చు కదా అన్నాను. "అరిచింది ఆ కుర్రాడు కాదు కదండీ" అన్నారు.

చెరువు గట్టు మీద తాటాకు పాక, నులక మంచం, మడిచిన దుప్పటి. రైతు గడ్డం మాసి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏరియేటర్లు చేతి స్విచ్చి మీద నడుస్తున్నాయి. ఆయన రైతుకి దండం పెట్టి, డబ్బాకి ప్రోగ్రాం ఎక్కించమని నాకు సైగ చేసి, అది అయ్యాక చేతి స్విచ్చి ఆపి, మెయిన్ తీసేశారు. చప్పుడంతా ఆగిపోయింది. రైతు మొహం మాడిపోయింది. ఈయన మంచం మీద కూర్చుని సంచిలోంచి పండు తీశారు.

"ఇదేంటండీ, డబ్బా బాగుచెయ్యమంటే టిఫిన్ పెట్టుకుని కూర్చున్నారు?"

"మీరూ తీసుకోండి. ఇది అయ్యేదాకా పెట్టకూడదు."

"అక్కడ నా చెరువుకి గాలి లేదండి బాబూ."

"పట్టపగలు రెండు నిమిషాలకి ఏమీ అవదని మీకు నాకంటే బాగా తెలుసు కదండీ."

రైతు పండు తీసుకున్నాడు. నాకూ ఒకటిచ్చారు. ముగ్గురం నీళ్ళ వైపు చూస్తూ తిన్నాం. నా ఫోన్ బ్యాగులో మోగింది, తీయలేదు. చెయ్యి తుడుచుకుని, "మెయిన్ మీరే వెయ్యండి" అన్నారు రైతుతో.

వేశాడు. చిన్న దీపం వెలిగింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత తెర, తర్వాత మిగతావి, ఒకదాని వెనక ఒకటి. మొదటి ఏరియేటర్ దానంతటదే తిరగడం మొదలైంది. తర్వాత రెండోది.

రైతు నవ్వలేదు. "మళ్ళీ" అన్నాడు.

మళ్ళీ తీశాం, మళ్ళీ తిన్నాం. మూడోసారి కూడా డబ్బా లేచాక అతను మంచం మీది దుప్పటి తీసి భుజాన వేసుకున్నాడు.

"ఇంటికెళ్ళి స్నానం చేసొస్తానండి" అన్నాడు.

నేను అడ్డం వెళ్ళాను. "సారీ అండి. ఆ రోజు ఫోన్‌లో అరిచాను. తప్పు నాదే, జనరేటర్‌ది కాదు."

"పర్లేదులేమ్మా. మా అమ్మాయీ అంతే, ముందు అరుస్తుంది" అని బండెక్కాడు. మాకు టీ ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఆయన మాత్రం ఆ బండి మలుపు తిరిగేదాకా చూసి, "పాపం, ఎన్నాళ్ళైందో" అన్నారు.

పట్టుబడి బాగా జరిగింది. వారం తర్వాత ఆఫీసుకి ఒక ఐసు పెట్టె, ఒక చక్రకేళి గెల వచ్చాయి, రెండూ ఆయన పేరు మీదే. పెట్టె మూత తీస్తే వేలెడేసి రొయ్యలు. ఆయన ముట్టుకోరు. చటుక్కున మూత వేసేసి, "పెట్టె అమ్మాయిగారిది. గెల నాది" అన్నారు. గెలలో సగం మళ్ళీ అందరికీ పంచారు.

పోయిన ఏడాది ఒక ఉదయం, కాఫీ తాగి, పేపరు చదువుతూ పోయారు. కొవ్వూరు వెళ్ళాను. ఇంటినిండా మనుషులు. తల దగ్గర దీపం పెట్టడానికి ఎవరికీ అగ్గిపెట్టె దొరకట్లేదు. వంటింట్లో గ్యాస్ లైటరే ఉంది. ఒకరు కొట్టుకి పరిగెత్తబోయారు. గోడకి ఆనుకుని కూర్చున్న ఆయన భార్య తలెత్తి, "ఆ మేకుకున్న చొక్కా జేబులో చూడండి" అన్నారు.

ఉంది.

మొన్న సోమవారం, ఆ ఒక్క పేరూ చూశాక, నాకు ఇంకా పూర్తిగా నమ్మకం కుదరలేదు. కొత్త బోర్డు వేరు కదా, దీనికి రెండో పేరు కూడా కావాలేమో అనిపించింది. చేర్చాను. వంగి ప్లగ్ పీకాను. ఫోన్ డ్రాయర్లో పడేసి కింద బండి దగ్గర చక్రకేళీలు కొనుక్కొచ్చి, ఒకటి ఒలుచుకుంటూ కూర్చున్నాను. నాలుగు వైపులా తొక్క సమానంగా దిగడం నాకింకా రాదు. తిని, చెయ్యి తుడుచుకుని ప్లగ్ పెట్టాను.

బోర్డు లేవలేదు.

పక్క సీటతను నా అరుపు కోసం భుజాలు బిగించుకుని కూర్చున్నాడు. నేను అతనికి ఒక పండు ఇచ్చి, ఆ రెండో పేరు తీసేశాను. జాబితాలో మళ్ళీ ఒక్కటే మిగిలింది. దాని పైన ఒక వాక్యం రాశాను: 'ఇంకో పేరు చేర్చే ముందు ప్లగ్ పీకి, ఒక చక్రకేళి తినండి.'

కింద పేరు నాదే పెట్టాను. రేపు ఎవరైనా తిట్టుకుంటే నా వరకే వస్తుంది.